పాప నవ్వడం మానేసిన నెల

మొదటిసారి చూసినప్పుడు మేమంతా నవ్వాం. ఆ సంగతి ముందే చెప్పాలి.

పాప మధ్యాహ్నం నిద్ర లేచి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఉన్నట్టుండి రెండు చేతులూ ముందుకు చాచి, తల ఛాతీ మీదికి వంచి, కాళ్లు పొట్టలోకి ముడుచుకుంది. ఒక్క క్షణమే. మళ్లీ మామూలుగా అయింది. నాలుగైదు అంకెలు లెక్కపెట్టేలోగా మళ్లీ అదే. అట్లా ఎనిమిదిసార్లు చేసింది. మా అత్త చాటలో కందిపప్పు చెరుగుతూ చూసి, "సూడు సూడు, దేవునికి దండం పెడుతుంది నా బంగారం" అంది. మా ఆయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్నాడు. ఒక కాలి బూటుతోనే పరుగెత్తుకొచ్చి ఫోన్‌లో వీడియో తీశాడు. సాయంత్రానికి అది ఆయన స్టేటస్‌లో ఉంది. చూసినవాళ్లు నవ్వే బొమ్మలు పంపారు.

అప్పటికి పాపకు ఐదు నెలలు దాటి పది రోజులు.

పటాన్‌చెరులో ఒక సందులో పై పోర్షన్ కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. కింద ఇంటి ఓనరు ఉండేది. భర్త పోయిన ముస్లిం ఆవిడ, ముందు గదిలోనే ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం నడిపేది. సందులో అందరూ ఆమెను ఆపా అనేవారు, మేమూ అంతే. మా ఆయన ముత్తంగి జంక్షన్ దగ్గర ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. నేను గుమ్మడిదల వైపు ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేసేదాన్ని. కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెల దాకా కంపెనీ బస్సెక్కి వెళ్లి, ఆ తర్వాత మానేశాను. కాన్పయ్యాక పాపను చూసుకోవడానికి హత్నూర దగ్గరి ఊరి నుంచి మా అత్త వచ్చింది. నలుగురిని కని, పొలం పని చేసుకుంటూనే పెంచిన మనిషి. పిల్లల విషయంలో ఆమె చెప్పిందే మా ఇంట్లో చివరి మాట.

ల్యాబ్‌లో మాకు మొదటి రోజే నేర్పేది ఒకటుంటుంది. రాయనిది జరగనట్టే లెక్క. ఆరేళ్లు ఆ పని చేశాక ఇంట్లో కూడా చేయి ఊరుకోదు. టీకాల కార్డు వెనక ఖాళీ జాగాలో పాప సంగతులు రాసుకునేదాన్ని. పుట్టిన కొత్తలో కిటికీ వెలుగు వైపు తల తిప్పేది, అంతే. నేను వంగి చూస్తే ఆ కళ్లు నా ముఖం మీదుగా గోడ మీదికి పోయేవి. రెండో నెల మొదట్లో ఒక పొద్దున ఆ చూపు వచ్చి నా దగ్గర ఆగింది. ఆగి, నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా తిరిగి, మళ్లీ కళ్ల దగ్గరికి వచ్చింది. వారం తర్వాత నవ్వింది. నిద్రలో పిల్లలు నవ్వే నవ్వు కాదు. నేను నవ్వితే, నన్ను చూసి నవ్వింది. మూడో నెలలో తన చేతిని తానే కనుక్కుంది. ముఖం ముందు పెట్టుకుని, ఇది ఎవరిది అన్నట్టు పావుగంట చూసేది. నాలుగో నెలలో కుక్కర్ విజిల్‌కు కిలకిలలాడింది. అన్నీ తేదీలతో రాశాను.

ఆ దండం పెట్టడం వీడియో తీసిన మర్నాడు రెండుసార్లు వచ్చింది. పొద్దున నిద్ర లేవగానే ఒకసారి, మధ్యాహ్నం లేవగానే ఒకసారి. ప్రతిసారీ పది పన్నెండు వంగుళ్లు, ఒకదాని వెనక ఒకటి. మూడో రోజుకు ఒక్కో వంగుడు అయ్యాక పాప ఏడవడం మొదలుపెట్టింది. మా అత్త వాము నీళ్లు పట్టింది. పొట్ట మీద గోరువెచ్చని ఆముదం రాసింది. ఉప్పు, ఎండు మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. నాలుగో రోజు నేనే పటాన్‌చెరులోని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. బయట బెంచీల మీద ముప్పై మంది. పాప ఆయన ముందు ఒక్కసారి కూడా వంగలేదు. పొట్ట నొక్కి చూసి, "గ్యాస్‌తోటి పిల్లలు గట్లనే ముడుసుకుంటరమ్మా" అని చుక్కల మందు రాశాడు. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. వచ్చే దారిలో చుక్కల మందుతో పాటు పాపకు ఒక గిలక్కాయ కూడా కొన్నాను.

పాప ఆ గిలక్కాయను పట్టించుకోలేదు.

కొత్తది కదా, అలవాటు కావాలి అనుకున్నాను. తర్వాత వారం అంతా అట్లాంటి అనుకోవడాలతోనే గడిచింది. ఎండకు నలతగా ఉందనుకున్నాను. పళ్లు వస్తున్నాయేమో అనుకున్నాను. కుక్కర్ విజిల్ వేస్తే తల తిప్పలేదు. అసలు చెవి వినిపిస్తోందా అని వెనక నిలబడి పళ్లెం మీద గరిటెతో కొట్టాను. ఉలిక్కిపడింది. వినిపిస్తోంది. వినిపించాక దానితో ఏం చేయాలో తెలియనట్టు ఉంది, అంతే.

పన్నెండో రోజు పొద్దున ఎప్పటిలాగే వంగి, "అమ్మ ఏదీ, అమ్మ ఏదీ" అన్నాను. పాప కళ్లు నా ముఖం మీదుగా గోడ మీదికి వెళ్లిపోయాయి. పుట్టిన కొత్తలో ఎట్లా వెళ్లేవో సరిగ్గా అట్లానే. మళ్లీ పిలిచాను. చప్పట్లు కొట్టాను. నవ్వి చూపించాను. పాప మంచి నిద్ర తీసిన పిల్లలా ప్రశాంతంగా ఉంది, కానీ నేను అక్కడ లేను. కార్డు తీసి చూశాను. నవ్విందని చివరిసారి రాసి తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజుల్లో ఏమీ రాయలేదని కూడా నాకు తెలియలేదు.

"అత్తమ్మా, పాప నవ్వుతలేదు" అన్నాను.

"పొద్దుగాల పొద్దుగాల ఏం నవ్వుతది? పాలు వట్టు" అంది.

"తొమ్మిది దినాల సంది నవ్వుతలేదు."

అప్పుడు ఆమె చేతిలో పని ఆగింది. పాప దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని ఊపింది. నాలుకతో టక్ టక్ అనింది. మామూలుగా దానికి పాప ఊగిపోయేది. ఇప్పుడు ఏమీ లేదు. మా అత్త లేచి నా వైపు తిరిగి చూడకుండానే అన్నది: "నేను ముందే సెప్పిన. కడుపుతోటి ఆ మందుల కంపెనీల తిరగకే అని. ఆ వాసన పెద్దోళ్లకే తల తిప్పుతది. ఇగ లోపలున్న దానికి?"

ఆ మాట ఆమె అనకముందే వారం రోజులుగా నాలో తిరుగుతోంది. ల్యాబ్‌లో సీసాల మూతలు తీసేటప్పుడు వచ్చే తియ్యటి ఘాటు వాసన, కొన్ని సాయంత్రాలు బస్సు కిటికీలు మూసినా లోపలికి వచ్చే, ఫ్యాక్టరీల పొగ నిండిన ఊరి గాలి. అవన్నీ పాప తలలో ఎక్కడో కూర్చున్నాయేమో అని పాలిస్తున్నప్పుడల్లా అనుకునేదాన్ని.

మా ఆయనకు ఆ సాయంత్రం చెప్పాను. "ఐతారం సిటీకి పోయి సూపిద్దాం. ఈ వారం మనుషులు తక్కువున్నరు, సెలవియ్యరు" అన్నాడు. మా అత్త అంతకంటే ముందు గురువారం ఊరికి తీసుకుపోయి తాయెత్తు కట్టించాలంది. మా పెళ్లయ్యాక మేము ముగ్గురం ఒకరి మాట మీద ఒకరం అంత గట్టిగా అరుచుకున్నది అప్పుడే. చివరికి ఐతారమే ఖాయమైంది. నేనూ ఒప్పుకున్నాను. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆపా కిరాయి కోసం కాదు, నా బ్లౌజు కొలత కోసం పైకి వచ్చింది. పాప అప్పుడే నిద్ర లేచింది. వంగుడు మొదలైంది. ఆపా చేతిలో టేపు అట్లానే పట్టుకుని నిలబడింది. ఒకటి, రెండు, మూడు. అప్పటికి ఒక్కోసారి ముప్పై దాకా వస్తున్నాయి. ఆమె కదలకుండా చివరి దాకా చూసింది.

"ఎన్ని దినాల సంది?" అనడిగింది.

"పదిహేను దినాలు. గ్యాసన్నడు డాక్టరు."

"గ్యాస్ గాదు బేటీ. పొట్టల నొస్తే పిల్ల ముందు ఏడుస్తది, తర్వాత ముడుసుకుంటది. ఈ పిల్ల ముడుసుకున్నంక ఏడుస్తుంది." ఆమె మంచం అంచున కూర్చుంది. "మా చెల్లె కొడుకు గిట్లనే సలాం జేస్తుండె. మేమందరం నవ్వినం. పోరడు అప్పుడే నమాజ్ నేర్చుకుండని మా అమ్మ మిఠాయి గూడ పంచింది. ఇప్పుడు వానికి ఇరవై ఏండ్లు. అన్నం నోట్ల పెట్టాలె. వాళ్లమ్మని ఒక్కపారి గూడ అమ్మా అనలే."

మా అత్త వంటింటి గుమ్మంలోంచి, "పొల్ల మీద గసొంటి మాటలనకు ఆపా" అంది.

"అనకపోతే పాపం నాకు తగుల్తది" అంది ఆపా. "రేపు పొద్దుగాల దుకాణం బంద్ చేస్త. నేనొస్త నీతోటి. ఐతారం డాక్టర్లు ఎవ్వరుండరు."

శనివారం పొద్దున మేమిద్దరం పాపను తీసుకుని బస్సెక్కాం. మా ఆయన అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. బస్సు ఊగుడుకు పాప నిద్రపోయింది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు లేచింది. ఒళ్లో ఉన్న పాప ముడుచుకోవడం నేను చూడకముందే నా కడుపుకు తగిలింది. నేను ఫోన్ తీశాను. డాక్టరు ముందు వంగకపోతే ఈసారి చూపించడానికి నా దగ్గర ఏమైనా ఉండాలి. ముఖం, చేతులు రెండూ కనబడేలా పట్టుకుని తీస్తున్నాను. ఎదురు సీటులో ఉన్న ఒక పెద్దావిడ చూసి, "పిల్ల గట్ల జేస్తుంటే ఫోన్ల తీస్తున్నవ్, తల్లివేనా నువ్వు?" అని అరిచింది. బస్సంతా తిరిగి చూసింది. నేను ఫోన్ దించలేదు. "డాక్టర్ కోసం తీస్తుంది అమ్మా, జెర చుప్ ఉండు" అంది ఆపా. ఇరవై ఆరుసార్లు. ఏడుపుతో సహా అంతా వచ్చింది.

సిటీ ఆసుపత్రిలో పిల్లల నరాల డాక్టరు చిన్నవయసు మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. నేను చెబుతుంటే రాసుకుంటోంది. ఫోన్ చేతికిచ్చాను. పది సెకన్లు చూసిందో లేదో పెన్ను కింద పెట్టేసింది. "మొట్టమొదట ఎప్పుడు చూశారు? తేదీ గుర్తుందా?"

తేదీ మా ఆయన ఫోన్‌లో ఉంది. ఆయనకు ఫోన్ చేశాను. స్టేటస్‌కు పెట్టిన ఆ వీడియో నాకు పంపమన్నాను. "ఎందుకు?" అన్నాడు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆపా ఫోన్ తీసుకుని, "నువ్వు గూడ రా బేటా, జల్దీ రా" అంది. గంటన్నరలో ఆయన యూనిఫాంతోనే వచ్చాడు. డాక్టరు మేడం ఆ వీడియో పెట్టి చూసింది. అందులో మా నవ్వులు వినిపిస్తున్నాయి, మా అత్త బంగారం అనడం కూడా. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

పాప తల నిండా జిగురు లాంటిది పూసి తీగలు అంటించారు. నిద్ర మందు పట్టారు. పక్క గదిలో తెర మీద గీతలు వచ్చాయి. నాకు గీతలు కొత్త కాదు. ల్యాబ్‌లో మందుల నమూనాలు పరీక్షించే మిషన్ తెర మీద రోజంతా చూసేది అవే. శుభ్రమైన నమూనాకు గీత నేల మీద పాకినట్టు వచ్చి, ఒక చోట నిటారుగా లేచి, మళ్లీ నేలకు దిగుతుంది. పాప గీతల్లో నేల అనేదే లేదు. అన్నీ ఒకేసారి పైకీ కిందికీ, ఎక్కడా ఒక పద్ధతి లేకుండా. ఎవరూ చెప్పకముందే నాకు అర్థమైపోయింది.

తర్వాత మేడం మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

"ఇది ఒక రకమైన ఫిట్స్. పెద్దవాళ్లకు వచ్చినట్టు ఉండదు కాబట్టి చాలామంది గ్యాస్ అనుకుంటారు" అంది. "పుట్టేటప్పటికే పిల్లల మెదడులో కణాలు చాలావరకు ఉంటాయమ్మా. కానీ వాటి మధ్య దారులు అప్పుడప్పుడే పడుతుంటాయి. మీరు ఎత్తుకుంటారు, మాట్లాడతారు, ఆమె మీ ముఖం చూస్తుంది. ఏ దారిలో రోజూ రాకపోకలుంటే ఆ దారి గట్టిపడుతుంది. లేనిది చెరిగిపోతుంది. నవ్వడం, మనిషిని గుర్తుపట్టడం, మాట, ఆలోచన, అన్నీ ఆ దారుల మీదే వస్తాయి. ఇప్పుడు ఈమె తలలో అన్ని వైపులా ఒకేసారి కరెంటు లేస్తోంది. వంగుతున్నప్పుడే కాదు, మిగతా టైంలో కూడా. ఇట్లా ఉన్నంత కాలం కొత్తది ఏదీ పడదు, పడినవి కూడా నిలవవు."

"పోయినవి మల్ల వస్తయా మేడం?" అన్నాడు మా ఆయన.

"తొందరగా ఆపగలిగితే చాలామందికి వస్తాయి. అందరికీ అని నేను చెప్పను. ఇవాళే మొదలుపెడదాం."

నేను అడగాల్సింది అడిగాను. ల్యాబ్ సంగతి, సీసాల సంగతి, ఏడో నెల దాకా వెళ్లిన సంగతి. మేడం తొందరపడి కాదనలేదు. అందుకే ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది. "స్కాన్ చేద్దాం. కారణం ఏమైనా కనబడుతుందేమో చూద్దాం" అంది. రెండు రోజులకు స్కాన్‌లో ఏమీ కనబడలేదని వచ్చింది. "ఏమీ దొరకకపోవడమే పాపకు మంచిది" అంది. "మరి నా పని వల్లనా?" అన్నాను మళ్లీ. "అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. కారణం తెలిసినా తెలియకపోయినా మందు మాత్రం ఆగదు" అంది. ఆ జవాబుతోనే నేను ఇప్పటికీ బతుకుతున్నాను.

స్టెరాయిడ్ గోలీలు పొడి చేసి, నీళ్లలో కలిపి, రోజుకు నాలుగుసార్లు పట్టాలి. ముఖం ఉబ్బుతుంది, విపరీతమైన ఆకలి, రోజంతా ఏడుపు ఉంటాయని ముందే చెప్పారు. రెండు రోజులకోసారి బీపీ చూపించాలి. జలుబు, జ్వరం ఉన్నవాళ్లను దగ్గరికి రానివ్వకూడదు. ఈ మందు వేసుకుంటున్నప్పుడు చిన్న జబ్బు కూడా పెద్దదవుతుంది. ఇంకోటి, రోజుకు ఎన్నిసార్లు వంగిందో లెక్క పెట్టి రాయాలి.

ఇంటికి వచ్చి మా అత్తకు అన్నీ చెప్పాను. ఆమె కంపెనీ ఊసు మళ్లీ ఎత్తలేదు. మర్నాడు పాప నిద్ర లేచే వేళకు ఒక స్టీలు గిన్నె, గుప్పెడు చింతగింజలు పట్టుకుని మంచం పక్కన కింద కూర్చుంది. ఆమెకు రాయడం రాదు. వంగినప్పుడల్లా ఒక గింజ గిన్నెలో వేసేది. ఆ టంగుమనే చప్పుడు నాకు భరించలేకుండా ఉండేది కానీ ఆపమనలేకపోయాను. సాయంత్రం గిన్నె నా ముందు బోర్లించేది, నేను లెక్కించి రాసుకునేదాన్ని. మొదటి రోజు నూట నాలుగు. రెండో రోజు తొంభై ఎనిమిది. మూడో రోజు నూట ఇరవై ఒకటి. పెరిగిందేమిటని మా ఆయన మందు చీటీ తీసి మళ్లీ మళ్లీ చదివాడు, మేము మందు ఏమైనా తప్పుగా పడుతున్నామేమోనని. ఐదో రోజు అరవై. ఆరో రోజు నలభై మూడు.

ఆరో రోజు సాయంత్రం మా అత్త తుమ్మింది.

ఒక్కటే తుమ్ము. నేను ఆమె వైపు చూశాను. ఆమె నన్ను చూసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచి, తన రెండు చీరలు, దుప్పటి మూట కట్టుకుని మెట్లు దిగింది. పొమ్మని నేను అనలేదు, ఉండమనీ అనలేదు. ఆపా కుట్టు మిషన్ల వెనక గది ఆమెకిచ్చింది. మా అత్త అంతవరకు ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగి ఎరుగదు. మొదటి రోజు నేను పైనుంచి పంపిన గిన్నెలోదే తిన్నది. రెండో రోజుకు జ్వరం వచ్చి నోరు చేదుగా ఉంటే ఆపా చేసిన ఖట్టీ దాల్‌తో అన్నం కలుపుకుందట. ఆ సంగతి ఆపానే చెప్పింది నాకు, చాలా రోజుల తర్వాత.

మా అత్త కింద మెట్ల దగ్గరికి వచ్చి, పైకి మాత్రం ఎక్కకుండా పొద్దునా మధ్యాహ్నం అడిగేది.

"ఎన్ని?"

"పందొమ్మిది."

విని, దగ్గుకుంటూ లోపలికి పోయేది. మర్నాడు, "ఎన్ని?" "ఏడు, అత్తమ్మా." "ఏడేనా?" "ఏడే."

తొమ్మిదో రోజు పొద్దున పాప లేచింది. నేను ఫోన్ పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. పాప పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరించింది, ఆకలికి ఏడ్చింది. వంగలేదు. మధ్యాహ్నం లేచినప్పుడూ వంగలేదు. మెట్ల కింద నుంచి "ఎన్ని?" అని వినబడింది. నేను ఫోన్ దించకుండా పాపనే చూస్తున్నాను. "ఓ పిల్లా, ఎన్నే?" అని మా అత్త ఈసారి భయంగా అరిచింది. మా ఆయన మెట్ల దగ్గరికి వెళ్లి, "ఒక్కటి గూడ లేదమ్మా" అన్నాడు. ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చిన చప్పుడు పైకి వినిపించింది.

ఇక అంతా చక్కబడిందని ఆ రోజు అనుకున్నాం. అది నిజం కాదు. వంగడం ఆగింది గానీ పాప తిరిగి రాలేదు. ముఖం చంద్రబింబంలా ఉబ్బి కళ్లు గీతల్లా అయ్యాయి. రోజంతా ఏడుపే. రెండు వారాలు పూర్తయ్యాక మళ్లీ తల మీద తీగలు పెట్టారు. ఈసారి తెర మీద గీతలకు నేల కనబడింది. మేడం మొదటిసారి నవ్వింది. "మందు మెల్లగా తగ్గిద్దాం" అంది.

"మరి పాప నన్ను చూస్తలేదు కదా మేడం" అన్నాను.

"అలజడి ఆగింది. దారులు పడటానికి టైం పడుతుంది. మీరు మాత్రం పుట్టిన పిల్లతో మాట్లాడినట్టు మొదటి నుంచి మాట్లాడండి" అంది.

మొదటి నుంచే మొదలుపెట్టాను. వెలుగు చూపించాను. ముఖం దగ్గరగా పెట్టి, ఆగి, మళ్లీ పెట్టి. పాప చేయి తీసి పాప ముఖం ముందు పట్టుకున్నాను. జవాబు లేని మాటలు రోజుకు ఎన్ని గంటలు మాట్లాడానో చెప్పలేను. పక్కింటివాళ్లకు నేను పిచ్చిదానిలా కనబడి ఉంటాను. జలుబు తగ్గి మా అత్త పైకి వచ్చాక ఇద్దరం వంతులు వేసుకున్నాం. ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేస్తుంటే లోపల నుంచి కేక వినబడింది. పరుగెత్తాను. మా అత్త నాలుకతో టక్ టక్ అంటోంది, పాప ఉబ్బిన బుగ్గల మధ్య నోరు వంకరగా తెరిచి నవ్వుతోంది. నన్ను చూసి కాదు, ఆమెను చూసి. నాకు సంతోషం కంటే ముందు కలిగింది ఈర్ష్య. ఇంత రాస్తున్నాను కాబట్టి అది కూడా రాయాలి.

భయం మాత్రం అంత త్వరగా వదలలేదు. మందు తగ్గిస్తున్న రోజుల్లో సందు చివర లారీ హారన్ కొడితే పాప రెండు చేతులూ చాచింది. ఆ నిమిషమే మేడంకు ఫోన్ చేశాను. "ఒక్కసారేనా? చప్పుడు వచ్చాకే కదా? అది ఉలికిపాటు, అందరు పిల్లలకూ ఉంటుంది" అంది. అయినా ఆ తర్వాత ఏడాది పాటు పాప నిద్ర లేచే ప్రతిసారీ నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను.

పదకొండో నెలకు కూర్చుంది. ఇరవయ్యో నెలకు నడిచింది. మాటల కోసం వారానికోసారి సంగారెడ్డికి తీసుకుపోయి ఒక టీచరు దగ్గర కూర్చోబెట్టేదాన్ని. రెండున్నరేళ్లకు "పాలు" అంది, ఆ తర్వాత రెండు నెలలు అదొక్కటే. ఇప్పుడు నాలుగేళ్లు నిండవస్తున్నాయి. ఈడు పిల్లల కంటే వెనకబడే ఉంది. రంగులు తికమకపడుతుంది, మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటుంది. బడిలో ఎట్లా ఉంటుందో చూడాలని మేడం అంటుంది. నేను మళ్లీ పనికి వెళ్తున్నాను, అదే కంపెనీలో, ల్యాబ్‌కు కాదు, కాగితాలు చూసే విభాగానికి.

పోయిన నెలలో ఒక సెలవు రోజు మేమంతా కింద ఆపా దుకాణంలో కూర్చున్నాం. ఆపా ఒక పట్టు బ్లౌజుకు కుట్టాల్సిన గుండీలు ఆరు బల్ల మీద పెట్టుకుంది. చూస్తే ఐదే ఉన్నాయి. బల్ల కింద, మిషన్ కింద వెతికాం. పాప గోడకు ఆనుకుని నిలబడి ఉంది, ఒక చేయి వీపు వెనక పెట్టుకుని.

"గుండీ ఎవరు తీసిండ్రు బేటీ?" అంది ఆపా.

పాప మా ముఖాలు వరుసగా చూసింది. ఆపాను, నన్ను, మా అత్తను. నిదానంగా ఆలోచించింది. తర్వాత అంది: "నానమ్మ తీసింది."

"ఓసినీ! నేనెప్పుడు తీసిన్నే?" అని మా అత్త లేచింది.

నేను అక్కడ నిలబడలేక ఆపా వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పాను. తన చేతిలో ఉన్నది మాకు కనబడదని పాపకు తెలుసు. తనకు తెలిసింది మాకు తెలియదని తెలుసు. మా తలల్లో లేనిది ఒకటి పెట్టొచ్చని కూడా ఆమె ఎక్కడి నుంచో, ఎవరూ నేర్పకుండానే తెలుసుకుంది. ఒకప్పుడు తెర మీద చూసిన ఆ గీతల వెనక నుంచి ఇంత దూరం వచ్చింది. నా కూతురు తన జీవితంలో మొదటి అబద్ధం చెప్పింది, అందులోనూ బాగా ఆలోచించి, తనను ఏమీ అనలేని మనిషి మీదికి తోసి.

ముఖం కడుక్కుని బయటికి వచ్చాను. పిడికిలి విప్పించి గుండీ ఆపాకు ఇప్పించాను. అబద్ధం ఆడొద్దని గట్టిగానే కోప్పడ్డాను. పాప పెద్దగా ఏడ్చి, మా అత్త వెనక్కి వెళ్లి దాక్కుంది.